ప్రయాణం కోసం అడిగిన మాఫీ

విమాన సంస్థ దివాలా తీసిందని టీవీలో చెప్పేసరికి గుల్జార్ బేగం పెట్టె సర్దుకుని వరండాలో కూర్చుని ఉంది. ఇక ఒక్క విమానమూ ఎగరదట... చెన్నై నుంచి జిద్దాకు ఆమె ఎక్కాల్సినదీ వాళ్లదే. కొడుకు నియాజ్ ఫోన్ మీద ఫోన్ చేశాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. ఆమె లేచింది. చెప్పులు విప్పి లోపలికి వచ్చేసింది.

పాకాలలోని ఆ ఇంట్లో మళ్లీ ఉమ్రా మాట, ఆ మక్కా యాత్ర మాట ఎవరూ ఎత్తలేదు. పక్కింటి నాగులమ్మ మాత్రం గోడ మీదనుంచి, "నాకు తెస్తానంటివే, ఆ ఖర్జూరం యాడత్తా? విమానమోడు మింగేసినాడా?" అని నవ్వించబోయింది. ఎవరికీ నవ్వు రాలేదు.

కోడలు రేష్మా బాధ వేరు. ఎవరితోనూ చెప్పుకునేది కాదు. మక్కాకు వెళ్లేవాళ్లు ముందుగా అందరినీ అడగాలి, అన్నదీ చేసిందీ మాఫ్ చేయమని, మన్నించమని. పెట్టె సర్దకముందే గుల్జార్ బేగం వీధంతా తిరిగి అడిగి, చివరికి వంటింట్లో రేష్మా చేతులు పట్టుకుంది. కొన్నేళ్ల కిందట, పుట్టిన రోజే కన్నుమూసిన రేష్మా పాపను తెల్లగుడ్డలో చుట్టి ఉంచినప్పుడు, అందరి ముందూ "ఆడపిల్లే కదా, పోనీలే" అన్నది ఆ అత్తే! ఆ మాట ఆమెకు గుర్తుందో లేదో కూడా రేష్మాకు తెలియదు. ప్రయాణానికి తాను అడ్డు కాకూడదని మాఫ్ అనేసింది. కదిలే రైలుకు చెయ్యి ఊపినంత తేలిగ్గా అనేసింది. అత్త వెళ్లాక ఖాళీ ఇంట్లో ఒక్కతే కూర్చుని ఏడవొచ్చనుకుంది... ఇప్పుడు ఆ మనిషి ఎక్కడికీ పోలేదు. అదే మంచం, అదే దగ్గు. ఇచ్చేసిన మాఫీకి తగినట్టు రోజూ నవ్వు ముఖం పెట్టలేక రేష్మా అలసిపోయింది.

ఒక మధ్యాహ్నం అత్త వచ్చి వంటింటి గడప దగ్గర చతికిలబడింది.

"మాఫ్ అంటివే రేష్మా, అది పొయ్యేదానికి చెప్పినావు. నేను ఈడనే ఉండిపోతిని. ఉండేదానికి కూడా చెప్తావా?"

రేష్మా కూర కింద మంట తగ్గించి ఇటు తిరిగింది.

"దేనికో తెలుసునా అత్తమ్మా?"

"పాపను అన్న మాటకు..." ముసలామె కొంగు సర్దుకుంది. "దానికోసరమే అంత దూరం పోదామనుకున్నా. ఆడ ఆ దేవునికి చెప్పుకునేది సులువు. నీకు చెప్పాలంటేనే భయం."

రేష్మా కళ్లు నిండాయి. ఎన్నేళ్ల కోపమో, ఎన్నేళ్ల దుఃఖమో ఆమెకే తెలియలేదు.

"అబద్ధం చెప్పలేనత్తమ్మా. ఆ మాట లోపల్నుంచి ఇంకా రాలేదు. వచ్చిననాడు చెప్తా."

"సరేమ్మా. నేను యాడికి పోతాను?"

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ రేష్మా తెచ్చిపెట్టుకుని నవ్వలేదు. అత్త కూడా ఆ నవ్వుకోసం చూడలేదు.