శ్రీశైలం రక్తం

సిరిసిల్లల బట్ట నేసే సాంచెలు ఆగినయంటే ఊరికి ఊరే చెవిటిదైనట్టు ఉంటది. ఆ పగటీలి కరెంటు పోయింది. ల్యాబుల నీల ఒక్కతే ఉంది. మూడున్నర బస్సుకు రక్తం ట్యూబులు హైదరాబాద్ పంపాలె.

పోయినేడు గిట్లనే బస్సు అందదని ఆగమాగమై, రెండు ట్యూబులు నింపినంక పేర్ల చీటీలు అతికిచ్చింది. ఒకటి సాంచెలు నడిపే శ్రీశైలంది, ఇంకోటి ఎల్లంతకుంట అనంత్ రావుది. ఇద్దరికీ ఒకటే రోగం, మెల్లగ ముదిరే రక్త క్యాన్సర్. గా రోగపు కణాల పైపొర మీద సీడీ38 అనే గుర్తు మస్తుగ కనవడితే రోగం జోరు మీదున్నట్టు. తక్కువుంటే మందులు లేకుంటనే ఏండ్లు గడుస్తయి.

చీటీలు తారుమారైనయి. ఇంటికి పోయినంక నీలకు యాదికొచ్చింది. నౌకరి పోతదని నోరిప్పలే.

భయం లేదన్న రిపోర్టు పట్టుకొని శ్రీశైలం నవ్వుకుంట పోయిండు. ఏడాది తిరగకముందే మట్టిల కలిసిండు. అనంత్ రావేమో అక్కెరలేని మందులు మింగి మింగి బొక్కలగూడైండు.

ఇయ్యాల డాక్టరుకు అనుమానమొచ్చి ఆయనకు మళ్ల అదే పరీక్ష రాసిండు. "ఇంకెన్నిసార్లు గుచ్చుతవు బిడ్డా, నాకాడ మిగిలిందే గింతంత" అని నవ్వి, రక్తమిచ్చి పోయిండు పెద్దమనిషి. గీ ట్యూబు హైదరాబాద్ చేరితే నీల తప్పు బయటవడుతది.

కుర్చీ కిర్రుమన్నది.

సాంచెల నూనె వాసన... దాని కింద తడి మన్ను వాసన...

శ్రీశైలం. అంగి చెయ్యి పైకి మలిచి కూసున్నడు.

"నాది తీయి బిడ్డా," గుసగుసలాడిండు. "అనంత్ రావు పేరు మీద పంపు. పాత రిపోర్టే వస్తది. నీ నౌకరి యాడికి పోదు."

"కాకా... సారు సస్తడు."

"నేను సావలేదా? అప్పుడు గింత జాలి యాడ వెట్టినవు?"

నీల ఆయన దండకు పట్టీ బిగించింది. సూది గుచ్చింది. నల్లగ... సల్లగ... ట్యూబు నిండింది. అనంత్ రావు చీటీ అతికిచ్చింది. ఆయన అసలు రక్తం చెత్తల వారేసింది.

"శెబాష్. గీసారి చీటీ సూసుకొనే అతికిచ్చినవ్."

తలెత్తేసరికి కుర్చీ ఖాళీ.

మూడోనాడు హైదరాబాద్ ల్యాబు నుంచి జితేందర్ ఫోన్ చేసిండు. "అనంత్ రావుది మునుపటి లెక్కనే ఉంది మేడం. తొంభై శాతం కణాల మీద గుర్తుంది."

నీల ఊపిరి పీల్చుకుంది.

"రెండో ట్యూబుల గూడ అచ్చం అవే కణాలు. గా రెండోది ఎందుకు పంపిన్రు?"

"నేను ఒకటే పంపిన..."

"రెండచ్చినయి. చీటీ మీద మీ పేరే ఉంది. రాత గూడ మీదే."

నీల మెల్లగ చెయ్యి మలిచి జూసుకుంది. మోచేతి మడతల దూది అతికిచ్చి ఉంది.

ఇంకా తడిగనే ఉంది...