కూజాలో కిటికీ

బ్రాండ్స్‌మా మేడమ్ డబ్బాలోంచి ఒకే ఒక్క బిస్కెట్ తీసి గూఢచారి వీబె ముందు పెట్టి, మూత టక్కున మూసింది. హేగ్‌లోని ఆ రహస్య కార్యాలయానికి ఆమె అధిపతి. రాణిగారు వచ్చినా ఆమె దగ్గర రెండో బిస్కెట్ దొరకదు.

"నౌకాదళం రాడార్ ప్లాన్ల మైక్రోఫిల్మ్ ఇవాళ దేశం దాటుతోంది. ఎగ్జిబిషన్‌కి పోతున్న మూడు పాత పెయింటింగుల్లో ఒకటి నకిలీ. ఫిల్మ్ దాని వెనక చెక్కలో ఉంది. ఓడ పన్నెండింటికి."

"మూడూ పగలగొట్టి చూస్తే సరి."

"మిగతా రెండూ మూడొందల ఏళ్లనాటివి. ఒక్కటే పగలాలి." ఆమె గొంతు తగ్గించింది. "నకిలీ వేసింది పాత చెయ్యేనని కబురొచ్చింది వీబె. గోవర్ట్ కేసులో చూసిన చెయ్యే."

వీబె బిస్కెట్ కింద పెట్టేశాడు. గోవర్ట్ మ్యూజియంలో పిల్లలకు బొమ్మలు చూడటం నేర్పే మాస్టారు. నాలుగేళ్ల కిందట ఆయన గదిలో ఒక నకిలీ దొరికింది. వీబె ఒక్క చూపు చూసి, దొంగ ఈయనేనన్నాడు. ఆ మాట మీద మాస్టారు జైలుకెళ్లాడు. ఇప్పుడు ఆయన జైల్లో ఉండగానే ఆ చెయ్యి మరో బొమ్మ వేసింది. వీబె ఆ పాత నకిలీని గెలుపు గుర్తుగా కార్యాలయంలో తన గది గోడకు తగిలించుకున్నాడు కూడా. తలుచుకుంటే సిగ్గేసింది.

"ఆయన్ని జైలు నుంచి రప్పించి వ్యాన్‌లో కూర్చోబెట్టాను. ఈసారి అడిగి చూడు," అంది మేడమ్.

పదకొండున్నరకు రాటర్‌డామ్ రేవులో, కూలీల నీలం దుస్తుల్లో వీబె, గోవర్ట్ దిగారు. పెట్టెల దగ్గర ఎర్రకోటులో ఇసోల్డ నిలబడి సంతకాలు పెడుతోంది. పాత చిత్రాలు బాగుచేయడంలో ఆమె దిట్ట. అందగత్తె. మేడమ్‌కు రహస్యంగా కబుర్లు చేరవేసేది, కోడ్ పేరు 'నిమ్మకాయ'. అప్పట్లో గోవర్ట్ పేరు చెప్పింది ఆమే.

వీబె పెన్నులో దాచిన అతినీలలోహిత లైటును పెట్టెల పలకల సందుల్లోంచి వేశాడు. మూడు బొమ్మలూ ఒకేలా మెరిశాయి, నకిలీ ఏదో తేలలేదు.

"మధ్యదే నకిలీ. త్వరగా కానివ్వండి," అంది ఇసోల్డ.

వీబె ఉలి తీశాడు.

"ఉలి చూసి తీశావా బాబూ, విని తీశావా?" అన్నాడు గోవర్ట్ మెల్లగా. "నాకప్పుడు విన్నమాటతోనే శిక్ష వేయించావు. ముందు ఏం కనిపిస్తోందో చెప్పు. అర్థాలు తర్వాత."

వీబె ఉలి దించాడు. "మూడింట్లోనూ రొట్టె, నిమ్మకాయ, వెండికూజా ఉన్నాయి మాస్టారూ. వెలుగు ఎడమనుంచి వస్తోంది."

"కుడిచేతి నీడ బొమ్మ మీద పడకుండా మన పాతవాళ్లు కిటికీని ఎడమవైపు పెట్టుకునేవాళ్లు. కూజా పొట్టలో ఆ కిటికీ కనిపించాలి. ఏ వైపుంది?"

"మొదటిదాంట్లో ఎడమ. మధ్యదాంట్లో ఎడమ." మూడో పెట్టెను క్రేన్ అప్పుడే నేలమీంచి లేపుతోంది. వీబె దాని పక్కనే నడుస్తూ తొంగిచూశాడు. "కుడివైపుంది."

"నిమ్మకాయ మీది వెలుగును ఆ చెయ్యి పుస్తకం చదివి వేసింది. కూజాను ఎదురుగా పెట్టుకుని వేసింది. కిటికీ కుడివైపున్న గదిలో. ఎడమచేతి వాటం మనిషి."

వీబె తిరిగి చూశాడు. కలం ఇసోల్డ ఎడమచేతిలో ఉంది.

ఓడ కూత వేసింది. పెట్టె అప్పటికి తల ఎత్తున ఉంది. వీబె ఎగిరి దాని తాడు పట్టుకుని వేలాడాడు, క్రేన్ ఆగింది. ఉలి దెబ్బకు బొమ్మ వెనక చెక్క చీలి, గోరంత ఫిల్మ్ కింద పడింది. పన్నెండుకు నిమిషం తక్కువ.

బేడీలు వేస్తుంటే ఇసోల్డ నవ్వింది. "నా బొమ్మ నాలుగేళ్లు నీ గోడ మీదే ఉంది కదా వీబె. ఒక్కసారైనా చూడలేదా?"

ఆ సాయంత్రం వీబె గదిలో గోవర్ట్ గోడ ముందు నిలబడ్డాడు. అక్కడా వెండికూజా ఉంది. దాని కిటికీ కుడివైపే ఉంది. వీబె తలెత్తలేకపోయాడు.

"నన్ను క్షమించండి మాస్టారూ. పెద్ద తప్పు చేశాను."

"అది ముగింపు," అన్నాడు గోవర్ట్ కుర్చీలో సర్దుకుంటూ. "ముందు ఏం చేశావో ఒక్కొక్కటే చెప్పు."

బ్రాండ్స్‌మా మేడమ్ డబ్బా తెచ్చి మాస్టారి ముందు పెట్టి, మూత తీసి వదిలేసింది. వీబె మొదటినుంచి చెప్పుకొచ్చాడు. చెప్పడం అయ్యేసరికి డబ్బాలో ఒక్క బిస్కెట్ కూడా మిగల్లేదు.