ఆవిరి కోఠీలో జవాబు

సూరత్ బేగంపురా వెనక సందులో దారానికి పురి ఎక్కించే మోతీసేఠ్ కార్ఖానా ఉండేది. దీపాలు పెట్టాక అక్కడి ఆవిరి కోఠీ పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఎత్తక తప్పకపోతే "ఆ ఇనపది" అనేవాళ్లు. కొత్తగా పనిలో చేరినవాడికి జీతం ఎంతో చెప్పకముందే ఒక మాట చెప్పేవాళ్లు — "అందులో తల పెట్టి పిలవకు. పిలిస్తే పలుకుతుంది."

పాలియెస్టర్ దారం పొగరుబోతుది. మర మీద గిర్రున తిప్పి ఎంత పురి ఎక్కించినా, చెయ్యి వదిలితే పాములా చుట్టలు చుట్టుకుని మళ్లీ మొదటికే వస్తుంది. దాన్ని కండెలతో సహా బండికెత్తాలి. కోఠీలోకి తోసి, తలుపు బిగించి, ఆవిరి పట్టాలి. కోఠీ అంటే ఏముంది... పడుకోబెట్టిన ఇనప పీపా. మనిషి నిలబడి నడిచేంత పెద్దది. ఆ ఆవిరి ఒకసారి తాగిందా, ఇక ఆ దారం పురి వదలదు. తాడు కాలినా పురి పోదని మా వైపు మాట. అది దారానికే అనుకునేవాళ్లు అక్కడ కండెలు చుట్టే రుఖీబాని ఎరగరు.

ఆ భయం పుట్టకముందు, కోఠీ తలుపు మూసేటప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుండేది. తల లోపలికి పెట్టి, "లోపలెవరు?" అని మూడుసార్లు గట్టిగా పిలవాలి. పిలిచిన ప్రతిసారీ ఆగాలి. మూడోసారికి కూడా పలుకు లేకపోతేనే తలుపు మూయాలి. ఇది ఎవరో చదువుకున్నవాడు పెట్టిన నియమం కాదు, పాతవాళ్లు పెట్టింది. చలికాలం రాత్రి పనివాళ్లు వెచ్చదనం కోసం అందులో దూరేవాళ్లు మరి.

జేకిసన్ అలాగే దూరాడు.

రుఖీబాకి ఒక్కగానొక్క కొడుకు. బండి తోసి, ఆవిరి తయారయ్యేలోపు వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కునుకు పట్టింది. అప్పుడు పనివాళ్ల మీద పెత్తనం చేసే ముకాదం ఠాకోర్ వచ్చాడు, తలుపు బిగించాడు, ఆవిరి చక్రం తిప్పాడు. బయట మరల హోరు. లోపల వాడు ఎంత కొట్టుకున్నాడో... ఎవరికి వినబడుతుంది?

తెరిచినప్పుడు చూసినవాళ్లు ఇప్పటికీ ఆ సంగతి చెప్పరు. చెప్పకూడదు కూడా.

"మూడుసార్లు పిలిచాను. పలకలేదు. తాగి పడున్నాడేమో!" అన్నాడు ఠాకోర్ కులపెద్దల ముందు. పెద్దలు తలలూపారు. వాళ్లలో సగం మంది ఇళ్లలో పిల్లలకి పని ఇప్పించింది ఠాకోరే. తలలు ఊగక ఏం చేస్తాయి?

రుఖీబా ఊపలేదు.

"నిజంగా పిలిచావా ఠాకోర్?"

"అంబామాత ఆన, పిలిచాను రుఖీబా."

"నా కొడుకుది పిట్ట నిద్ర. ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా, నేను పెదవి కదిపితే చాలు, 'ఆఁ మాడీ' అనేవాడు. నువ్వు మూడుసార్లు పిలిస్తే ఒక్కసారన్నా పలకడూ?"

మాడీ అంటే అమ్మే. అయితే ఆవిడని వీధి వీధంతా రుఖీబా అనేది. మాడీ అన్నది వాడొక్కడే.

ఆడవాళ్లు చుట్టూ చేరి, ఏడు రుఖీబా, గుండె పగిలిపోతుంది ఏడు అన్నారు. "పిలిచానన్న ఆ మాట అబద్ధమని నలుగురిలో తేలిన రోజు ఏడుస్తాను. అందాకా నా కంట్లో నీళ్లు నాకే ఉండనీండి" అంది. కన్ను తడవలేదు. దినాలయ్యాక ఠాకోర్ ఇంటి నుంచి పళ్లెం నిండా ఘారీ మిఠాయిలు వచ్చాయి, నెయ్యి కారుతూ. ఆ పళ్లెం తీసుకెళ్లి, వీధి అరుగు దగ్గర కట్టేసిన మేక ముందు పెట్టింది. అది కూడా ఠాకోర్ చూస్తుండగానే పెట్టింది.

మర్నాడు పనికి వచ్చేసింది. కండెలు చుట్టే చోట తన పీట తనే వేసుకుంది.

పక్క పీట మంఛీ నోరు ఊరుకోదు. "ఆ ముకాదం కిందే ఎలా పని చేస్తావు రుఖీబా? నేనైతే వాడి మొహం చూస్తే వాంతి చేసుకుందును."

"పాము ఇంట్లో ఉన్నప్పుడే కనిపెట్టుకుని ఉండాలి. చేలోకి పోనిచ్చి వెతుక్కుంటారా?" అంది రుఖీబా, మంఛీ వేసిన ముడి ఒకటి తెంపేస్తూ. "ముందు నువ్వు ముడి వెయ్యడం నేర్చుకో. ఇది ముడా, మొటిమా?"

ఆ తర్వాతే మొదలైంది.

కోఠీ పనికి కొత్తగా పెట్టినవాడు తల లోపలికి పెట్టి పిలిచాడు — "లోపలెవరు?" ఏమీ లేదు. రెండోసారి... ఏమీ లేదు. మూడోసారి, వెనక గోడ దగ్గర్నుంచి, నిద్రలోంచి లేచినట్టు — "నేనున్నా."

బండి లాగి చూశారు. ఎవరూ లేరు.

వాడు ఆ పూటే మానేశాడు. వాడి తర్వాత వచ్చినవాడు చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తాడు. ఆ చెప్పులు చాలా రోజులు కోఠీ ముందే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

ఈ మాట విన్న సాయంత్రం రుఖీబా చేతులు కడుక్కుని కోఠీ దగ్గరికి వెళ్లింది. తల లోపలికి పెట్టింది. "జేకూ..." అని పిలిచింది.

పలకలేదు.

మర్నాడు మళ్లీ వెళ్లింది. ఆ తర్వాతి రోజూ వెళ్లింది. దారినపోయేవాళ్లకి పలికేవాడు కన్నతల్లికి పలకడే! "నా మీద నీకేం కోపంరా?" అని ఆ చీకట్లోకి అడిగేది. ఇనుము చల్లబడుతూ టక్... టక్ మనేది. అంతే.

చలి ముదిరింది. బజారులో పోంక్ కోసం పచ్చజొన్న కంకులు వేపే పొగలు లేచాయి. పెళ్లిళ్ల చీరల దారం తెల్లారేసరికి మగ్గాలకి చేరాలని సేఠ్ పట్టుబట్టాడు. కోఠీ దగ్గరికి వెళ్లేవాడు మాత్రం లేడు. "నీకు చేతకాకపోతే వేరే ముకాదాన్ని చూసుకుంటా" అనేసి సేఠ్ ఇంటికి పోయాడు.

ఠాకోర్ చొక్కా చేతులు పైకి మడిచి వచ్చాడు. వచ్చేటప్పుడే నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "దెయ్యమేంటిరా! దెయ్యాలకి నూలు పడుతుందేమో గానీ పాలియెస్టర్ ఎక్కడ పడుతుంది? ఒళ్లంతా దురద!"

ఎవరూ నవ్వలేదు.

బాయిలర్ చూసే నగీన్ బీడీ పారేశాడు. "ఆవిరి నిండుగా ఉంది ముకాదం. బండి నువ్వే తోసుకో. నాది నిప్పు దగ్గర పని. దెయ్యాల ఖాతా నాది కాదు."

"మూడుసార్లు పిలుస్తావు కదా ఠాకోర్‌భాయి?" అంది మంఛీ, ఏమీ ఎరగనట్టు.

ఠాకోర్ మొహంలో నవ్వు చచ్చిపోయింది. "ఖాళీ కోఠీని పిలవడానికి నాకేం పిచ్చా? ఎప్పుడు పిలిచాను గనక!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. మరల హోరులో ఎవరికీ వినబడలేదనుకున్నాడు.

రుఖీబా చేతిలో కండె ఆగింది.

ఠాకోర్ బండి తోశాడు. బండి సగం లోపలికి పోయి పట్టాలు తప్పింది. తిట్టుకుంటూ టార్చి పట్టుకుని, బండికీ కోఠీ గోడకీ మధ్య సందులోంచి ఒళ్లు దూర్చుకుంటూ లోపల బండి వెనక్కి వెళ్లాడు, అటునుంచి ఎత్తుదామని. బండి చక్రం ఖంగున పట్టా మీదికెక్కింది. "ఎక్కింది! లాగండ్రా ఎవరైనా!" అని కేకేశాడు.

అప్పుడే కరెంటు పోయింది.

వందల కదుళ్లు ఒక్కసారి నీరసించాయి. హోరు కాస్తా మూలుగైంది... మూలుగు గాలైంది... గాలి కూడా పోయింది. ఆ కార్ఖానాలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. బాయిలర్ నోట్లో నిప్పు ఒక్కటే ఎర్రగా మినుకుమంటోంది.

రుఖీబా పీట మీద నుంచి లేచింది.

పరుగెత్తలేదు. చీరకి అంటిన దారప్పోగులు దులుపుకుంది. కోఠీ దగ్గరికి నడిచింది. బండిని రెండు చేతులా లోపలికి తోసింది. తలుపు మూసింది. గొళ్లేలు ఒక్కొక్కటే బిగించింది — ఆవిరి కొంచెం కూడా బయటికి రాకుండా బిగించాలి, ఆవిడకి ఏ పనైనా అరకొరగా చెయ్యడం రాదు. తర్వాత కుడిచెయ్యి ఆవిరి చక్రం మీద వేసింది.

కోఠీ అడుగున, వాడిన ఆవిరి పోయే గొట్టం ఒకటుంది. దాని దగ్గర గొంతుక్కూర్చుని నోరు పెట్టింది.

"లోపలెవరు?"

లోపల ధన్ ధన్‌మని గుద్దులు. గొట్టంలోంచి గొంతు, బావిలోంచి వచ్చినట్టు — "నేను! నేనే, ఠాకోర్‌ని! ఎవరది? తలుపు తియ్!"

మంఛీ లేచి వచ్చింది. నగీన్ వచ్చాడు. మరల దగ్గర వాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఆవిడ చెయ్యి ఎక్కడుందో అందరూ చూశారు.

ఒక్కరి అడుగూ ముందుకు పడలేదు.

"రుఖీబా..." అన్నాడు నగీన్ గుసగుసగా. "ఆవిరి నిండుగా ఉంది."

"తెలుసు."

మళ్లీ గొట్టం దగ్గరికి వంగింది. "రెండోసారి అడుగుతున్నా ఠాకోర్. ఆ రాత్రి నా కొడుకుని పిలిచావా?"

"పిలిచాను! మూడుసార్లు పిలిచాను! నా పిల్లల మీద ఒట్టు! తలుపు తియ్ రుఖీబా, నీకు పుణ్యముంటుంది, ఊపిరాడటం లేదు..."

చక్రం కొంచెం తిరిగింది. కిర్రుమంది.

పైన గొట్టంలో ఆవిరి బుసకొట్టింది. లోపల గుద్దులు ఆగిపోయాయి. మంఛీ కొంగు నోట్లో కుక్కుకుంది. నేల మీద నుంచి చలి పాదాల్లోకి పాకుతున్నా ఎవరూ కదల్లేదు.

ఆవిడకి ఆ క్షణం కొడుకు మొహం గుర్తుకు రాలేదు. కులపెద్దల తలలు గుర్తొచ్చాయి, ఒకటి తర్వాత ఒకటి ఊగడం. ఇంకొక్క తిప్పు చాలు. ఆ తర్వాత తనూ అదే చెబుతుంది — మూడుసార్లు పిలిచాను, పలకలేదు.

"మూడోసారి" అంది. "ఇంక అడగను. ఆ రాత్రి... పిలిచావా?"



నీటి చుక్క ఒకటి ఎక్కడో రాలింది. టక్.

అప్పుడు గొట్టంలోంచి మెల్లగా, అలసిపోయినట్టు, ఒక గొంతు —

"లేదు మాడీ... పిలవలేదు."

అందరూ విన్నారు. నగీన్ విన్నాడు, మంఛీ విన్నది, ఆ వెనక మర పక్కన నిలబడ్డవాళ్లు కూడా విన్నారు. "ఒప్పుకున్నాడు!" అన్నారెవరో. "పాపిష్టివాడు, ఒప్పుకున్నాడు!"

రుఖీబా చెయ్యి చక్రం మీద నుంచి జారిపోయింది. గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, దానికి చెంప ఆనించి, కూలబడి ఏడ్చింది. అన్నాళ్లు దాచిన ఏడుపంతా ఏడ్చింది. కాలే గొట్టం చెంపని వాతలు పెడుతున్నా వదల్లేదు. మంఛీ వచ్చి పట్టుకుని తనూ ఏడ్చింది.

నగీనే చక్రం బిగించి గొళ్లేలు ఊడదీశాడు. తలుపు తెరుచుకుంది. బండి లాగారు. ఠాకోర్ చేతుల మీద పాక్కుంటూ బయటికి వచ్చాడు. పెదవులు తెల్లబడ్డాయి. బట్టలు తడిశాయి, చెమటో ఇంకేమిటో. చుట్టూ ఉన్న మొహాలు చూశాడు. ఎవడూ చెయ్యి ఇవ్వలేదు.

"విన్నాంలే ముకాదం" అన్నాడు నగీన్, కాలి దగ్గర ఉమ్మి. "పిలవలేదని నీ నోటితోనే అన్నావు. తెల్లారనీ, పెద్దల ముందు కూడా అందువుగాని."

ఠాకోర్ బుర్ర అడ్డంగా ఊపాడు. ఇంకా ఊపాడు.

"నేను అనలేదు" అన్నాడు. "నాకు నోరే పెగల్లేదు... నా పక్కనే... నా పక్కనే ఎవరో... అది నేను అనలేదు!"

అందరూ కోఠీలోకి చూశారు. వెనక గోడ దాకా చీకటి.

రుఖీబా మొహం తుడుచుకుంది. కొంగు నడుముకి దోపింది. వాడి వైపు తిరిగి, చిన్నపిల్లవాడికి లెక్క చెప్పినట్టు, మెల్లగా అంది —

"నువ్వు కాదని నాకు తెలియదుట్రా ఠాకోర్? నన్ను మాడీ అని నువ్వెప్పుడు పిలిచావు?"