రెండు దిక్కులా అమ్మినవాడు

బస్సు ఆగకముందే మహిపాల్ దూకేశాడు!

వెనకే మొగిలవ్వ.

"ఆగురా...! యాడిదాక ఉరుకుతవ్?"

సిరిసిల్లలో పొద్దు గూకుతోంది. అతను సందులోకి తిరిగాడు. ఆమె కూడా! మధ్యాహ్నం కోరుట్లలో అతని ఆఫీసు మెట్ల దగ్గర వెంటపడింది. ఇక వదల్లేదు, అతనెక్కిన బస్సే ఎక్కింది. కొంగు కింద కొడవలి. కళ్ళ ముందు దివాకర్.

ఒక్కగానొక్క కొడుకు. నడిసముద్రంలో ఓ చిన్న ద్వీపదేశం, దాని రేవులో క్రేన్ పని. ఆ దారిన పోయే ఓడల మీద పెత్తనం కోసం రెండు పెద్ద దేశాలు ఆ రేవును చెరోవైపు గుంజుతున్నాయి. దివాకర్‌ని అక్కడికి పంపిన ఏజెంటు మహిపాల్!

సందు అయిపోయింది. ఎదురుగా గోడ. పక్క షెడ్డులో మరమగ్గాలు దడదడలాడుతున్నాయి.

"పెద్దమ్మా... నాకేం తెల్వదు! ఒట్టు!"

"తెల్వదా? గా రోజు ఇంటికచ్చినవ్. దివాకర్ మంచిగున్నడన్నవ్. చాయ తాగినవ్. లేసేటప్పుడు 'పోయస్త' అన్నవా?"

అతని మొహం పాలిపోయింది.

"అనలే! సావైన ఇంట్లకెళ్లి పోయినట్టు మాట లేకుంట పోయినవ్. శవంపెట్టె అచ్చింది తర్వాత గదరా! నీకు ముందుగాల్నే ఎట్ల ఎర్క?"

దొరికిపోయాడు! చావు ఇంట్లో 'వెళ్ళొస్తా' అని ఎవరూ అనరు. తెలిసిన నాలుక దానంతటదే ఆగిపోయింది...

"వాడు యుద్ధనౌకల ఫొటోలు తీసిండు..."

"తియ్యమన్నదెవ్వడు? అమ్ముకున్నదెవ్వడు? పోర్టోళ్లు అడుగంగనే వాని పేరు చెప్పి తప్పిచ్చుకున్నదెవ్వడు?"

"ఆంబోతులు కొట్లాడితె లేగల కాళ్లు ఇరుగుతయ్. నన్నేం జెయ్యమంటవ్?"

"ఆంబోతుల నడుమకు నా లేగను తోలిందెవ్వడ్రా!"

కొడవలి లేచింది!

"అఖిల జగిత్యాల హాస్టల్లనే ఉంటది గద...?"

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

దివాకర్ చెల్లెలు, మిగిలిన ఒక్క బిడ్డ! పొద్దున్నుంచి ఫోన్ లేదు. తిన్నదో లేదో... ఎవడైనా గేటు దగ్గర కాపు కాశాడో...

మహిపాల్ నవ్వాడు. "బస్సుల నుంచే, ఫొటోలు కొన్న మా సార్లకు ఫోన్ జేసిన. సూడు... అచ్చిండ్రు!"

సందు మొదట్లో తెల్లకారు.

మొగిలవ్వ గుర్తుపట్టింది. అదే కారు! స్టీరింగ్ ముందు అదే మనిషి!

నిన్న ఆ కారులోనే మేడిపల్లిలో తన ఇంటికి వచ్చాడు. "మహిపాల్ ఆ ఫొటోలు ఇంకెవరికైనా అమ్మాడా?" అని అడిగాడు. కొడుకు ఆఖరి ఫోన్‌లో అన్న మాటను తను భయంతో బయటపెట్టేసింది... రెండో దేశపువాళ్ళకూ అమ్మాడని!

"జరుగు ముసల్దానా! నీ బిడ్డ సంగతి రేపు సూస్త."

ఒక్కమాట చాలు. ఎక్కకురా అంటే బతికిపోతాడు.

మొగిలవ్వ కొడవలి దించింది. గోడకు ఒరిగి దారిచ్చింది.

"పో."

ఉరికాడు. ఎక్కాడు. తలుపు మూసుకుంది. స్టీరింగ్ ముందు మనిషి చేతిలో తుపాకీ లేచింది. అద్దం వెనక అతని నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది... అరచేతులు అద్దానికి అతుక్కున్నాయి... కళ్ళు ఆమెనే వెతుకుతున్నాయి!

ఆమె రెప్ప వేయలేదు.

ఢాం!