మూడో కాపీ

టక్... టక్... టక్!

మళ్ళీ అదే చప్పుడు.

ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసేస్తుంది. హార్డ్ డిస్క్ లోపల ఏదో గీసుకుంటోంది. గీసుకున్నప్పుడల్లా కొంత డేటా పోతుంది. ఇరవై ఏళ్ళుగా ఈ రిపేరు షాపులో విన్న చప్పుడే.

కానీ ఇది తమ్ముడి డిస్క్.

సోమవారం పోయాడు. తను పనిచేసే మందుల గోడౌన్‌లో లారీ కింద పడ్డాడన్నారు.

ముందు రోజే ఫోన్ చేశాడు. "అక్కా, కాలం చెల్లిన మందులకి కొత్త లేబుళ్ళు అంటిస్తున్నారు. చాటుగా వీడియో తీశాను."

"ఎవరున్నార్రా అందులో?"

"ఫోన్‌లో వద్దు. వచ్చి చెప్తాను."

"కాపీ తీశావా?"

"రేపు తీస్తాలే."

ఆ రేపు రాలేదు.

డిస్క్ ఈ ఉదయం తమ్ముడి పాప బొమ్మల డబ్బాలో దొరికింది. పాప దాన్ని ఎన్నిసార్లు కింద పడేసిందో! మరదలు కొంగులో చుట్టి తెచ్చి ఇచ్చింది.

బయట వాన. అప్పుడే చీకటి. సగం దించిన షట్టర్ దగ్గర భర్త కాపలా. గోడౌన్ యజమానికి బాడీగార్డ్ ఆయన. నడుముకి పిస్టల్.

"తొందరగా కానియ్! గోడౌన్ మనుషులు ఏ క్షణమైనా వస్తారు!"

"తొందరపెడితే చచ్చిపోతుంది."

"ఎవరు?"

"డిస్కు!"

తెర మీద రెండు ఫోల్డర్లు. 'పాప'. 'గోడౌన్'.

రెండూ రావు. డిస్క్‌లో ఒక్కదానికే ఊపిరుంది.

ఆయన ఆమె భుజం మీంచి వంగి చూస్తాడు. గొంతు మెత్తబడుతుంది.

"పాప వీడియోలు తియ్యవే. వాడి గొంతన్నా మిగులుతుంది. ఆ గోడౌన్ గోల మనకెందుకు? పోయినవాడు తిరిగొస్తాడా?"

నిజమే.

బాణం 'పాప' మీదికి జరుగుతుంది. పాప తొలి అడుగులు. వెనక నుంచి తమ్ముడి నవ్వు...

ఆమె కళ్ళు తుడుచుకుంటుంది.

'గోడౌన్' నొక్కుతుంది.

"ఏం చేశావే!"

ముప్పై శాతం. టక్! అరవై. టక్... టక్! తొంభై... తొంభై... తొంభై...

నూరు!

డిస్క్ కీచుమని ఆగిపోతుంది. తొలి అడుగులు, నవ్వు... అన్నీ దానితోపాటే.

ఆమె వీడియో తెరుస్తుంది. అట్టపెట్టెల సందులోంచి తీసింది. మసక వెలుతురు. ఒకడు లేబుళ్ళు అంటించిన పెట్టెలు లారీలోకి ఎక్కిస్తున్నాడు. ఇటు తిరిగాడు.

కెమెరా వణికింది. దాని వెనక ఒక గుసగుస. తమ్ముడిది.

"బావా... నువ్వా?"

ఆమె వీడియో ఆపేస్తుంది.

గోడౌన్ మనిషి ఎప్పుడో వచ్చేశాడు!

తిరిగి చూస్తుంది. పిస్టల్ గొట్టం తన వైపే.

"చెప్పానుగా, పాపవి తియ్యమని."

"వాణ్ణి... లారీ కిందికి..."

"బతిమాలాను. వినలేదు."

ధన్! కంప్యూటర్ పేలిపోతుంది.

ధన్! పక్కనున్న బ్యాకప్ డిస్క్ ముక్కలు.

"నీ అలవాటు నాకు తెలీదా? ఉప్పు డబ్బాకి కూడా కాపీ పెట్టే మనిషివి! రెండు ఇక్కడ. మూడోది నెట్‌లో, డిస్కు ఎవరిదో వాళ్ళింటికి. అది పంపేది రాత్రి షాపు మూసేటప్పుడు." షట్టర్ వైపు తల ఊపుతాడు. "ఇవాళ మూసేది నేను."

ఆమె మెల్లగా అంటుంది. "సోమవారం నుంచి మార్చాను."

"ఏంటి?"

"ఏదీ రాత్రికని ఉంచడం లేదు. ఇక్కడ పడుతుండగానే అక్కడికీ పోతుంది."

ఫోన్ మోగుతుంది.

మరదలు!

ఆయన స్పీకర్ నొక్కి, గొట్టం ఆమె కణతకి ఆనిస్తాడు. మామూలుగా మాట్లాడమని సైగ.

"వదినా... ఇక్కడ వీడియో వచ్చింది." అవతల ఆ వీడియో మళ్ళీ మోగుతోంది. "అందులో అన్నయ్య ఎందుకున్నాడు?"

ఆయన రెండో చెయ్యి జేబులో బండి తాళం కోసం వెతుకుతోంది. మరదలి ఇల్లు మూడు వీధుల అవతలే.

ఆమె గొంతు చించుకుని అరుస్తుంది.

"పాపని ఎత్తుకుని పారిపో! అందరికీ పంపు! ఇప్పుడే! రేపు కాదు, ఇప్పు..."

ధన్!