కుడి ఇంజిన్ మీద అనుమానం

వాళ్ళిద్దరి పరిచయం గొడవతోనే మొదలైంది. గొడవకు కారణం ఒక చుక్క.

బయల్దేరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసుకోవడం కో-పైలట్ డ్యూటీ. ఆ రోజు అతను రెక్క కింద నిలబడి పైకి చూస్తుంటే, దాని అంచు నుంచి ఒక చుక్క జారి సరిగ్గా అతని ముక్కు మీద పడింది.

"లీక్," అన్నాడు గంభీరంగా. "ఫ్యూయల్ కారుతోంది."

ఇంజిన్ దగ్గర పని చేసుకుంటున్న ఇంజినీరు అమ్మాయి రెయిన్‌కోటు దులుపుకుంటూ వచ్చింది. రెక్క అంచున వేలాడుతున్న ఇంకో చుక్కను వేలితో అందుకుని, ఆ వేలు అతని ముక్కు దగ్గర పెట్టింది.

"ఏమన్నా వాసన వస్తోందా?"

"రావట్లేదు."

"దీన్ని వాన అంటారు. మీరు ఎప్పుడూ కాక్‌పిట్‌లో కూర్చుంటారు కదా, తెలిసుండదు."

"అనుమానం వస్తే చెప్పాలి కదండీ. అది నా పని."

"చెప్పండి, తప్పులేదు. ఆకాశానికి చిల్లు పడిందని మాత్రం నాతో సంతకం పెట్టించకండి."

ఆ సాయంత్రానికల్లా విమానాలు నిలిపే హ్యాంగర్‌లో అతని పేరు 'చుక్క' అయిపోయింది. ఇంకొకడైతే ముఖం చాటేసేవాడే. ఇతను మాత్రం అవసరం ఉన్నా లేకపోయినా ప్రతి ఇంజిన్ దగ్గరా ఆగి, అవీ ఇవీ అడగడం మొదలుపెట్టాడు. ఇంజిన్లు నిక్షేపంగా ఉన్నాయి, పాడైంది మనిషే. కొన్నాళ్ళకు 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. వాన పడ్డ రోజుల్లో ఇద్దరూ ఒకే గొడుగు కింద పార్కింగ్ దాకా నడిచేవారు. గొడుగు చిన్నదని రోజూ ఒకరిమీద ఒకరు విసుక్కునేవారు. పెద్దది కొనాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

చిక్కల్లా ఆమె తండ్రితోనే. ఆయన అదే కంపెనీలో సీనియర్ కెప్టెన్. ఆయనకు కూతురంటే ప్రాణం, కుర్ర కో-పైలట్లంటే చులకన.

"ఇవాళ నాన్నతో నీకు డ్యూటీ పడింది," అంది ఆమె ఒక ఉదయం, చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ. "మన సంగతి అడిగెయ్."

"విమానంలోనా?"

"అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? నచ్చకపోతే లేచి వెళ్ళిపోవడానికి ఆయనకు దారి ఉండదు."

"నాకూ ఉండదు."

ఆమె నవ్వేసి లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళు నడపబోయే విమానం కుడి ఇంజిన్‌లో ఫ్యూయల్ పైపు ఒకటి మార్చి, ఇంజిన్ నడిపి చూసి, అంతా బాగుందని అప్పుడే సంతకం పెట్టి వచ్చింది.

విమానం పైకెక్కి కుదురుకుంది. కాఫీ వచ్చింది. కెప్టెన్ ముఖం కాస్త ప్రసన్నంగా కనిపించింది. ఇంతకంటే మంచి ముహూర్తం రాదనుకుని కో-పైలట్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, మీతో ఒక విషయం మాట్లాడాలి."

"సెలవు కావాలా?"

"కాదు సార్."

"అయితే చెప్పు."

అతను నోరు తెరిచేలోగా టింగుమని చప్పుడైంది. ఎదురుగా స్క్రీన్ మీద పసుపు రంగులో ఒక వరుస వెలిగింది. కుడి రెక్క ట్యాంకులో ఇంధనం ఎడమదానికంటే బాగా తగ్గిపోయిందట.

కెప్టెన్ కప్పు పక్కన పెట్టాడు. "బ్యాలెన్స్ తప్పింది, అంతే. క్రాస్‌ఫీడ్ తెరుద్దాం," అంటూ తల పైనున్న స్విచ్ వైపు చెయ్యి చాపాడు.

క్రాస్‌ఫీడ్ అంటే రెండువైపుల ఇంధనాన్నీ కలిపే దారి. అది తెరిస్తే ఎడమ ట్యాంకు కాసేపు రెండు ఇంజిన్లనూ పోషిస్తుంది, తేడా సర్దుకుంటుంది. మామూలు రోజుల్లో చిటికెలో పని. కానీ కుడివైపు ఎక్కడైనా కారుతుంటే, ఎడమవైపు భద్రంగా ఉన్నది కూడా ఆ చిల్లులోంచే పోతుంది. ఓటికుండలో మంచి కుండ నీళ్ళు పోసినట్టే. అందుకే ముందు లీక్ లేదని తేల్చుకోవాలి, ఆ తర్వాతే స్విచ్ ముట్టుకోవాలి. ఈ సంగతి కెప్టెన్‌కి తెలియనిది కాదు. కూతురు పని చేసిన ఇంజిన్‌లో లీక్ ఉంటుందని ఆయనకు తోచలేదు.

కో-పైలట్‌కి తోచింది. పిల్లనివ్వమని అడగబోయిన నోటితోనే, ఆ పిల్ల చేసిన పనిలో లోపం ఉందేమో అనాలి. ఆ మాట అన్నాక ఏ తండ్రి పిల్లనిస్తాడు? అతను ఒక్క ఊపిరి తీసుకున్నాడు.

"ఆగండి సార్. ముందు లీక్ లేదని చూసుకుందాం."

కెప్టెన్ చెయ్యి గాల్లోనే ఆగింది. "పొద్దున ఆ ఇంజిన్ మీద పని చేసింది ఎవరో తెలుసా?"

"తెలుసు సార్."

"మా అమ్మాయి. అది చేసిన పనిలో ఇంతవరకూ ఒక్క చుక్క కారలేదు."

"అదీ తెలుసు సార్. అయినా లెక్క చూద్దాం."

కెప్టెన్ అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చూడు."

లెక్క సులువే. బయల్దేరినప్పుడు పోయించుకున్నదంతా ట్యాంకుల్లో అయినా ఉండాలి, ఇంజిన్లు అయినా తాగి ఉండాలి. ఉన్నదీ తాగిందీ కలిపితే మొదటి అంకె రావాలి. రాలేదు. కాసేపాగి మళ్ళీ కలిపాడు. తేడా ఇంకా పెరిగింది.

ఈలోగా కుడివైపు కిటికీలోంచి చూడమని పంపిన ఎయిర్‌హోస్టెస్ ఫోన్ చేసింది. "ఇంజిన్ వెనక తెల్లగా సన్నటి చారలాంటిది కనిపిస్తోంది సార్. ఒక పెద్దావిడ మబ్బనుకుని ఫోటోలు తీసుకుంటున్నారు."

ఆ పక్క సీట్లో కూర్చున్నది కాసేపు తండ్రే. ఆయన ముఖం పాలిపోయింది. మళ్ళీ గొంతు విప్పేసరికి కెప్టెన్ అయ్యాడు.

"కుడి ఇంజిన్ ఆపేద్దాం. దగ్గర్లో ఏ ఎయిర్‌పోర్ట్ ఉందో చూడు."

ఒకరు పట్టుకున్న స్విచ్‌ని ఇంకొకరు చూసి సరేనన్నాకే కదుపుతూ, ఇద్దరూ ఇంజిన్ ఆపారు. దానికి ఇంధనం వెళ్ళే దారి మూసుకోగానే లెక్కలో తేడా పెరగడం ఆగిపోయింది. అంటే కారింది ట్యాంకు కాదు, ఇంజినే. ఎడమ ట్యాంకులో ఉన్నది దిగడానికి హాయిగా సరిపోతుంది. ఒక్క ఇంజిన్ మీద విమానం బుద్ధిగానే ఎగురుతుంది, లోపలున్నవాళ్ళ గుండెలే కాస్త గట్టిగా కొట్టుకుంటాయి.

కిందికి దిగుతుండగా కెప్టెన్‌కి గుర్తొచ్చింది. "ఇందాక ఏదో మాట్లాడాలన్నావు?"

"నేల మీద చెప్తాను సార్."

"అంత పెద్ద విషయమా?"

"మీరు తీసుకునేదాన్ని బట్టి సార్."

విమానం క్షేమంగా దిగింది. ఫైరింజన్లు పక్కనే పరుగెత్తుకుంటూ వచ్చాయి. పెద్దావిడ వాటినీ ఫోటో తీసుకుంది.

తర్వాతి విమానంలో ఇంజినీర్లు వచ్చారు, వాళ్ళతో ఆమె కూడా. సన్నగా జల్లు పడుతోంది. కో-పైలట్ గొడుగు పట్టుకుని ఎదురెళ్ళాడు. ఆమె అతని వైపు చూడకుండా పక్కనుంచి వెళ్ళి నిచ్చెన ఎక్కేసింది. లీక్ మాట ముందు ఎవరు అన్నారో ఆమెకు తెలిసిపోయిందని అర్థమైంది. అంతా అయిపోయిందనుకున్నాడు. పైలట్లు దేనికైనా రెండో దారి ఆలోచించి పెట్టుకుంటారు. దీనికి మాత్రం అతని దగ్గర ఒక్క దారీ లేదు.

చాలాసేపటికి ఆమె దిగి వచ్చింది. అరచేతిలో చిన్న రబ్బరు రింగు ఉంది.

"పైపు బిగించేటప్పుడు ఇది నలిగింది. కింద టెస్ట్ చేసినప్పుడు ఎలాగో పట్టుకుంది, పైకెళ్ళాక వదిలేసింది. తప్పు నాదే," అంది. "ఆఫీసుకి నేనే చెప్పేశాను. విచారణ అయ్యేదాకా నన్ను ఇంజిన్ ముట్టుకోనివ్వరు."

"సారీ," అన్నాడు అతను.

"నువ్వెందుకు సారీ? నాకు ఒక్క మాట నిజం చెప్పు. నా పని అని తెలిసి, లీక్ మాట అనడానికి వెనకాడావా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "వెనకాడాను."

"ఎంతసేపు?"

"ఒక్క ఊపిరి తీసుకునేంత."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆపాటి కూడా ఆగకూడదు. వెనక అంతమంది కూర్చున్నారు. నేను తప్పు చేస్తే నా ముఖం చూసి ఊరుకునే మనిషి నాకొద్దు. ఇప్పుడంటే సరే, పెళ్ళయ్యాక అసలు ఆగకూడదు."

"ఎవరి పెళ్ళి?"

ఆ గొంతు గొడుగు వెనక నుంచి వచ్చింది. కెప్టెన్ ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూసుకోలేదు.

"అదే సార్, పైన చెప్పబోయింది," అన్నాడు కో-పైలట్. "నాకు మీ అమ్మాయంటే ఇష్టం. మీరు సరేనంటే పెళ్ళి చేసుకుంటాం."

కెప్టెన్ కూతురి చేతిలోని రింగు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పైన అడిగుంటే కుదరదనేవాణ్ణి."

"తెలుసు సార్."

"ఇన్నేళ్ళు ఎగిరాను. మా అమ్మాయి పని అనేసరికి లెక్క కూడా చూడకుండా చెయ్యి స్విచ్ మీదికి పోయింది." ఆయన గొంతు తగ్గింది. "దీన్ని గుడ్డిగా నమ్మడానికి నేనొకణ్ణి చాలు. కళ్ళు తెరుచుకుని ప్రేమించేవాడు ఇంకొకడు కావాలి."

ఆమె తండ్రి భుజం మీద తల పెట్టుకుని, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఆయన ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాడు. కో-పైలట్ తను తడుస్తూ, గొడుగు వాళ్ళిద్దరి మీదికి జరిపాడు.

"అంటే సార్, ఒప్పుకున్నట్టేనా?"

"తొందరపడకు. నా ఒక్కడి మాటతో అయ్యేది కాదు. వాళ్ళమ్మ ఉంది, నీకంటే గట్టిగా లెక్క చూస్తుంది."

"ఎప్పుడు రమ్మంటారు సార్?"

"రేపు సాయంత్రం రా," అన్నాడు ఆయన. "ఆ 'సార్' మాత్రం గుమ్మం బయట వదిలేసి రా."