శుక్ర అంటే ఏ రోజు

బుధవారం ఉదయం పదింటికి గడియారాల తాతను ఆయన దుకాణంలోనే కాల్చి చంపారు. బయటివాళ్ళకు ఆయన రిపేరు పనివాడు. గూఢచారి శాఖకు ఇరవై ఏళ్ళ నమ్మకస్తుడు.

పదకొండున్నరకు ఏజెంట్ చీఫ్ గదిలో ఉన్నాడు. టేబుల్ మీద విదేశీ ముఠా వైర్‌లెస్ సందేశం: "శుక్ర. అనువాద విభాగం. బాంబు సిద్ధం."

"శుక్రవారం. ఇంకా రెండు రోజులుంది," అన్నాడు చీఫ్. "నీలి కళ్ళద్దాలూ అదే చెప్పింది."

నీలి కళ్ళద్దాలు ఆ ముఠాలో ఉంటూ వీళ్ళకు కబుర్లు చేరవేసే అందగత్తె.

ఏజెంట్ కూర్చోలేకపోయాడు. అనువాద విభాగంలో అతని అక్క టైపిస్టు.

"కాలుగాలిన పిల్లిలా తిరుగుతావేమయ్యా?"

"తాతను ఇవాళే ఎందుకు చంపారు సార్?"

తాత బల్ల కింద దొరికిన కాగితాన్ని ఏజెంట్ పరిచాడు. ముఠా తాతతో చేయించుకున్న టైమర్ డయల్ నమూనా అది. ఇరవై నాలుగు గళ్ళు. శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర, మళ్ళీ శని.

"వారాల వరస ఇది కాదే," అన్నాడు చీఫ్.

"గంటల వరస. గంటకో గ్రహం. పొద్దున మొదటి గంట ఏ గ్రహానిదో ఆ రోజుకు దాని పేరు. శని నుంచి లెక్కపెడితే ఇరవై ఐదో గంట రవిది. అందుకే శనివారం తర్వాత ఆదివారం."

వేలు బుధ మీద పెట్టాడు. "ఇవాళ ఆరింటికి బుధ. ఏడుకు చంద్ర. ఎనిమిది శని, తొమ్మిది గురు, పది కుజ, పదకొండు రవి." వేలు ఆగింది. "పన్నెండుకు శుక్ర."

చీఫ్ ఫోన్ వైపు చెయ్యి చాపాడు.

"వద్దు సార్. వాళ్ళు వింటుంటారు. తెలిసిపోయిందంటే ముందే పేల్చేస్తారు."

పదకొండూ యాభై మూడుకు పెట్టుడు మీసంతో, ఎలక్ట్రీషియన్ సంచితో ఏజెంట్ అనువాద విభాగం మెట్లెక్కాడు. నీలి కళ్ళద్దాలు దిగుతూ ఎదురైంది.

"శుక్రవారం అన్నావు."

"శుక్ర అన్నాను. వారం మీరు కలుపుకున్నారు."

ఆమె చేతిని బేడీతో రెయిలింగుకు తగిలించి పరుగెత్తాడు.

బాంబు అక్క డెస్క్ కిందే ఉంది. కలంలో దాచిన కట్టర్‌తో తీగ తెంపాడు. ముల్లు శుక్ర గీతను తాకింది. ఏమీ జరగలేదు.

టైపు చప్పుడు ఆగింది. అక్క వంగి చూసింది.

"ఆదివారం భోజనానికి రమ్మంటే ఏడాదిగా తీరదు. బుధవారం పిలవకుండా వచ్చి బల్లకింద దూరావేంట్రా? పైగా ఆ మీసమొకటి."